పొయ్యిలో సంతకం

ఇంతదాకా నడిచిన కథ నాలుగు మాటల్లో: జగిత్యాలలో నర్సింగం నడిపే తుపాకుల మరమ్మతు దుకాణంలో పోశం ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. కోరుట్ల ప్రద్యుమ్నరావు తన తాతల నాటి రైఫిల్‌ను తెస్తే దాన్ని కొత్త హంగులతో తిరగదిద్దింది అతనే. తొలి దెబ్బకే అది పేలి, కాల్చిన కుమార్ ప్రాణం తీసింది. కుమార్ పోశం కొడుకు. చెక్కకు పాలిష్ పెట్టమన్నాను తప్ప గొట్టం కొయ్యమనలేదని రావు వాంగ్మూలం ఇచ్చాడు. అవునవునని నర్సింగం తలూపాడు. నాలుగేళ్లుగా కేసు పోశం మెడకే చుట్టుకుని ఉంది, సోమవారం చివరి వాదనలు. పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే పెత్రమాస పొద్దున, తంగళ్ళపల్లిలోని అద్దె ఇంటి వాకిట్లో, తల్లి పొయ్యి ఊదే ఇనుప గొట్టం మీద మసి కింద ఒక అక్షరం పోశం కూతురు శ్రావణి కంట పడింది. పోయిన వారం అక్కడ ఆగాం.

ఆ అక్షరం 'ప్ర'.

చింతపండు, బూడిద కలిపి శ్రావణి బొటనవేలితో గట్టిగా రుద్దింది. జానెడు గొట్టం మీద, సూదితో గీసిన గీతలు ఒక్కొక్కటే తేలాయి. ప్ర. రావు. చివరి అక్షరం కింద నుంచి వెనక్కి లాగిన పొడుగాటి తోక, తోక కింద రెండు చుక్కలు. కోర్టు కాగితాల మీద ఈ తోకను చూసి చూసి ఆమె కళ్లు కాయలు కాచాయి.

"ఇంకొంచెం గట్టిగ తోము. పక్కపొంటి తేదీ గూడ ఉన్నది," అంది నర్సక్క, పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ.

శ్రావణి తలెత్తి తల్లిని చూసింది.

"అవ్వా, గిది ఏందో నీకెర్కనా?"

"నా పొయ్యిల ఉన్నది నాకెర్క ఉండదా?"

"గోదాట్ల ఏసినన్నవు గదనే! బాపుకు గట్లనే చెప్పినవు, నాకు గట్లనే చెప్పినవు. నాలుగేండ్ల సంది మేము అది నీళ్లల్ల ఉన్నదనే అనుకుంటున్నం."

"ఆ యేడు మనింట్ల పండుగ ఉండెనా బిడ్డా?"

తుపాకి పనివాళ్ల ఇంట్లో పుట్టినందుకు ఆ ప్రశ్న అర్థం శ్రావణికి తెలుసు. చదివేవాళ్లకు నేను చెప్పాలి.

తుపాకి అంటే యజమాని ఇంట్లో దసరాకు పసుపు, కుంకుమ పెట్టి మొక్కే వస్తువు. దాన్ని కొయ్యడం పాపమని ఆ దుకాణంలో పనివాళ్ల నమ్మకం. అందుకని గొట్టం కురచ చెయ్యాలంటే, కోసి తీసేసే భాగం మీద యజమాని తన చేత్తో, సూదితో సంతకం గీసి తేదీ వెయ్యాలి. కొయ్యమన్నది నేను, పాపం నాది అని దానికి అర్థం. కోసిన ముక్కను పాత ఇనుముకు అమ్మరు. పనివాడు ఇంట్లో దాచి, దసరా నాడు తన ఆకురాళ్లతో పాటు దానికీ పసుపు పూసి, ధర్మపురి పోయి గోదావరికి ఇస్తాడు. ముప్ఫై ఏళ్లలో పోశం ఒక్క దసరా తప్పలేదు. కుమార్ పోయిన ఏడు తప్పాడు. పీనుగ లేచిన ఇంట్లో ఏడాది దాకా పండుగ చెయ్యరు.

"మీ బాపు స్టేషన్ల ఉండె," అంది నర్సక్క. "నర్సింగం ఉరికచ్చిండు. ముక్క దొరికితే కోసింది పోశమేనని రుజువయితది, జైలుకు తోలుతరు, తీస్కపోయి ఏట్ల పారెయ్యమన్నడు. సంచిల ఏస్కొని బస్టాండు దాక పోయిన. మైల చేతుల్తోని గోదారికి ఎట్ల ఇస్త? మర్లి ఇంటికచ్చిన."

"అటెన్కనన్న చెప్పరాదా అవ్వా? గొట్టం కొయ్యమన్నట్టు రావు చేతిరాత ఒక్క గీత దొరికినా కేసు తిరుగుతదని వకీలమ్మ మొత్తుకున్నది గద."

"గా ముచ్చట నాకెవలు జెప్పిండ్రు? మీరూ మీరూ కోర్టుకు పోతరు, అస్తరు. నాకు నర్సింగం మాటనే చెవిల ఉండె." నర్సక్క పుల్లను రెండుగా విరిచింది. "అదీగాక, నాకు ఇయ్యబుద్ధి గాలే. నాకు సదువు రాదు గనీ గా గీతలు ఎవనియో ఎర్కనే. దొర నవ్వుకుంట గీకిండని మీ బాపే చెప్పె. పొద్దుగాల లేస్త, పొయ్యి ముట్టిస్త, వాని పేరు నిప్పుల వెడ్త, ఊదుత. వేడి నా పెదవులకు తాకేదాక ఊదుత. నాలుగేండ్ల సంది మీరు తానం జేసిన నీళ్లు గట్లనే కాగినయ్."

వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఇన్నాళ్లూ శ్రావణి తన కోపమే పెద్దదనుకుంది. సిరిసిల్ల కుట్టు కేంద్రంలో మిషను తొక్కుతూ ప్రద్యుమ్నరావును రోజుకు నాలుగు సార్లు మనసులో తిట్టుకుని, అదే పగ అనుకుంది. అసలు పగ ఇంట్లో, పొయ్యి ముందు, పీట వేసుకుని కూర్చుని ఉంది. తల్లిని చూస్తే గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

తడక అవతల పోశం స్నానం చేస్తున్న నీళ్ల చప్పుడు ఆగింది. ఇద్దరూ గొంతు తగ్గించారు. పోశానికి కుడి కన్ను ఆ పేలుడులోనే పోయింది. ఎడమ కంటికి నిద్ర లేదు. కొడుకు కలలోకి వచ్చి చేతులు చాపుతాడట. "పోరని చేతులు కాలుతున్నయే" అంటూ లేచి కూర్చుంటాడు. ఈ మాట నాలుగేళ్లుగా వింటున్నా, దాన్నీ పొయ్యినీ కలిపి ఆలోచించాలని ఆ తల్లీకూతుళ్లకు తోచలేదు.

శ్రావణి గొట్టాన్ని ఫోనుతో ఆరేడు ఫొటోలు తీసింది. తల్లి పాత చీర ముక్కలో చుట్టి, బియ్యం డబ్బాలో అడుగున దోపింది.

"వకీలమ్మ కాడికేనా?" అంది నర్సక్క.

"అస్తూ జగిత్యాల పోత. ముందుగాల కోరుట్ల. రమ్మన్నది ఆ రావు సారే గద, కాయిదం మీద బాపు సంతకం కావాల్నట."

ఆ పొద్దున శ్రావణి గొట్టాన్ని సంచిలో వేసుకుని సరాసరి జగిత్యాల బస్సెక్కి, వకీలు నవనీత బల్ల మీద పెట్టి ఉంటే ఈ కథ రెండు వారాల్లో ముగిసిపోయేది. కానీ ఆమెకు తండ్రి బయటపడితే చాలదు. ప్రద్యుమ్నరావు ముఖం మారడం తన కళ్లతో చూడాలి. అందుకు నాలుగేళ్లు ఆగింది, ఇంకో పూట ఆగలేకపోయింది.

కోరుట్ల బస్సు నిండా తంగేడు, గునుగు పూల మూటలు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్న శ్రావణికి ఆ రైఫిల్ పని మొత్తం మళ్లీ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే మర్చిపోయిందని కాదు, పుండు మీద చెయ్యి తనంతట తానే పోతుంది.

మొదట రావు అడిగింది కొత్త చెక్క ఒక్కటే. అక్రోటు కట్టె, దాని మీద ఇంటిపేరు చెక్కిన వెండి బిళ్ల. ఇంతే కదా అనుకున్నాడు పోశం. పాత చెక్క ఊడదీస్తే, చెక్క కప్పిన మేర ఇనుము తుప్పు తిని గుంటలు పడి ఉంది. పైకి నిగనిగ, లోపల డొల్ల. "నూనె రాసి గోడకు వెట్టుకోండ్రి దొరా, దీనితోని కాల్చొద్దు" అన్నాడు పోశం. రావు నవ్వాడు. తర్వాత పైన గురి చూసే దుర్బిను కావాలన్నాడు. దుర్బిను బిగించాలంటే ఇనుముకు బెజ్జాలు వెయ్యాలి. బిగించాక, తూటా ఎక్కించే వెనక గొళ్లెం దానికి తగులుతుంది, గొళ్లెం కాల్చి వంచాలి. కాల్చిన ఇనుము మెత్తబడుతుంది, మళ్లీ గట్టి చెయ్యాలి. పాత రకం తూటాలు దొరకవు, కొత్త తూటా పట్టేలా గూడు పెద్దది చెయ్యాలి. గొట్టం మూతి అరిగింది, కొయ్యాలి. ఒకటి ముట్టుకుంటే ఇంకోటి కదిలింది. ప్రతిసారీ రావు ఖర్చని సణిగాడు, ప్రతిసారీ కానియ్యమన్నాడు. నలుగురికీ చెప్పుకున్నాడు మరి, వెనక్కి పోతే పరువు పోతుంది. ఖర్చంతా తనదేనని అతని నమ్మకం. అసలు ఖర్చు పోశం ఇంటికి వచ్చింది.

సరి చేసిన తుపాకిని పోశం ఎప్పుడూ మొదట చేత్తో కాల్చనివ్వడు. పాత టైరుకు కట్టేసి, మీటకు తాడు కట్టి, గోడ చాటు నుంచి గుంజుతాడు. ఆ రోజు రావు కంకర క్వారీలో అతని యాభయ్యో పుట్టినరోజు, ఫొటోగ్రాఫర్లు, చుట్టాలు. పోశం తాడు తీయగానే, "తాడెందుకురా? నీ పని మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు రావు. అందరూ నవ్వారు. తండ్రిని తీసుకుపోవడానికి బండి మీద వచ్చిన కుమార్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. "మా బాపు పని మీద నాకున్నది నమ్మకం, తేండ్రి" అని భుజానికి ఎత్తుకున్నాడు. మాట పడనివ్వకూడదని ఎత్తుకున్నాడు, అంతే.

కోరుట్లలో దిగేసరికి పది దాటింది. రావు ఇంటి ముందు గంటసేపు నిలబెట్టారు. లోపల పెద్దలకు బియ్యమిచ్చే తంతు నడుస్తోంది. పంతులు మూట కట్టుకుని వెళ్లాక పిలుపు వచ్చింది.

హాల్లో గోడ నిండా ఒకే ఫొటో. క్వారీలో, రైఫిల్ పట్టుకుని ప్రద్యుమ్నరావు. కొత్త చెక్క మెరుస్తోంది. ఫొటో అంచున ఎవరినో కత్తిరించేయగా ఒక మోచెయ్యి మిగిలింది, నీలం చొక్కా. ఆ చొక్కాకు గుండీ కుట్టింది శ్రావణే. తమ్ముని మోచేతిని నాలుగేళ్లుగా తన గోడకు వేలాడదీసుకున్నాడు ఈ మనిషి, అక్కడ ఉందని కూడా తెలియకుండా. ఆమె రెండు చేతులూ జోడించింది.

"ఏందే పోశం బిడ్డా, మీ అయ్య రాలేదా?" సోఫాలో కూర్చుంటూ అన్నాడు రావు. పొద్దుటి పూజకు కట్టిన పట్టుపంచె ఇంకా ఒంటి మీదే ఉంది.

"పెత్రమాస గద సార్. ధర్మపురి పోయిండు, తమ్ముని పేరు మీద బియ్యమియ్యనీకె. కోర్టుల ఎట్లున్నా, ఏటేట నర్సింగం కాక, ఆయన కలిసే పోతరు."

"ఇయ్యాలె, ఇయ్యాలె. పెద్దలను మరువద్దు."

"కుమార్ పెద్దోడు గాదు సార్. ఇరవై నాలుగేండ్లోడు."

రావు ఆ మాట విననట్టే టీపాయ్ మీది కాగితం ఆమె వైపు జరిపాడు. టైపు చేసిన కాగితం. గొట్టం కోసింది, తూటా గూడు మార్చింది తన సొంత ఇష్టంతోనే అని పోశం ఒప్పుకుంటున్నట్టు ఉంది.

"సోమవారం గిది కోర్టుల పెడితే జడ్జికి జాలి పుడ్తది. శిక్ష తక్కువ పడ్తది. నీకు మా ఫంక్షన్ హాల్ల పని ఇస్త. ఎన్నేండ్లు పడ్తదో తెలవని కేసుకంటె గిది నయం గాదా?"

"నయమే సార్. మేము మిమ్ములతోని కొట్లాడేటోళ్లమా?" తన గొంతులో అంత వినయం ఎక్కడి నుంచి వచ్చిందో శ్రావణికే ఆశ్చర్యం వేసింది. "కని మా బాపు మొండోడు సార్. దొర ముంగటనే కోసిన, దొర నోటితోని అన్నదే చేసిన అనుకుంట కూసుంటడు. సంతకం అంటే చెయ్యి ముడుచుకుంటడు."

"మతి పోయింది వానికి."

"గదే సార్. మీరు మీ చేతితోని రెండు ముక్కలు రాసిస్తే చూపిస్త. దొరనే రాసిచ్చిండు, నీకే యాది తప్పుతున్నది అని చెప్త. మీ చేతిరాత అంటే ఆయనకు దేవుని మాట లెక్క."

పొగడ్త ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రావుకు తన రాత మీద ముచ్చట, సంతకం మీద ఇంకా ముచ్చట. జేబులోంచి సిరా కలం తీశాడు. కోయమని తాను చెప్పలేదని, కోసేటప్పుడు తాను దుకాణంలో లేనని, ఆ గొట్టాన్ని ముట్టుకోలేదని మూడు వరుసలు రాశాడు.

శ్రావణి కాగితం మీదికి వంగి చదివి, వెంటనే తృప్తిపడలేదు. "మరి దుకాణం కాక సంగతి సార్? ఆయన కండ్లముంగట ఆయనకు తెల్వకుంట మా బాపు కోస్తడా అని ఎవలన్న అడిగితే?"

"నర్సింగమా?" రావు ఒక్క క్షణం కలం ఆపాడు. పైకప్పు వైపు చూశాడు. "వానికి తెల్వకుంటెట్ల ఉంటది? ఇద్దరు గల్సే చేసిండ్రు. రాస్త, నాదేం పోయింది." రాశాడు. తోక లాగి, కింద రెండు చుక్కలు పెట్టి, తేదీ వేశాడు.

నాలుగేళ్లు తన కోసం అబద్ధం చెప్పిన మనిషిని ఒకటిన్నర వరుసలో అమ్మేశాడు. సిరా ఆరేదాకా శ్రావణి కాగితం మీద ఊదింది. ఊదుతుంటే తల్లి గుర్తొచ్చింది. మడిచి, చేతి సంచిలో వేసుకోకుండా గుప్పిట్లోనే పట్టుకుంది. అప్పుడు ఫోను తీసి, ఫొటో పెద్దది చేసి అతని ముఖం ముందు పెట్టింది.

"గీ సంతకం ఎవలదో చెప్పు."

'మీరు' అన్న నోట 'నువ్వు' వచ్చింది. రావు మొదట దానికే ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఫొటో చూశాడు. ఇనుము మీద గీత, తోక, రెండు చుక్కలు, నాలుగేళ్ల కిందటి తేదీ. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. శ్రావణి ఆ నరాన్నే చూస్తూ నిలబడింది. ఆమెకు హాయిగా ఉంది. దాచడమెందుకు, చాలా హాయిగా ఉంది.

"ఫొటోలదేముంది," అన్నాడు చివరికి. "ఇయ్యాల రేపు ఎవడన్న చేస్తడు. ముక్క సూపియ్యి. సూపియ్యలేవు. అది గోదాట్ల ఉన్నది."

"గోదాట్ల ఉన్నదా? ఏ ముక్క?" శ్రావణి గుప్పిట్లో కాగితాన్ని ఎత్తి చూపింది. "కొయ్యంగ నేను లేను, గొట్టాన్ని ముట్టనేలేదు అని ఇప్పుడే రాసిస్తివి. ముక్క మీద సంతకం ఉంటదని, దాన్ని గోదాట్ల ఏస్తరని నీకెట్ల ఎర్క?"

రావు కళ్లు కాగితం మీదికి పోయాయి.

"దసరకు ఏస్తరు గద... అందరికెర్కే..."

"ఏ దసర? మా ఇంట్ల ఆ యేడు దసర లేదు." ఆమె గొంతు పెరిగింది. లోపలి గదిలోంచి ఎవరో తొంగిచూసినా ఆగలేదు. "పీనుగెల్లిన ఇంట్ల పండుగ చేస్తరా? ఆకురాయికి పసుపు వెడ్తరా? అన్నీ ఆలోచించినవు. పోలీసోళ్లకు ఏం చెప్పాల్నో ఆలోచించినవు, నర్సింగం కాకతోని ఏం చెప్పియ్యాల్నో ఆలోచించినవు. మా ఇంట్ల శవం లేస్తే మేము గోదారికి పోమన్న సంగతి నీకు యాది రాలే. ఎందుకంటే మా ఇంట్ల పోయినోడు నీకు మనిషే గాదు. వాడు బతికుంటే బాపు ఆ దసరకు ముక్కను నీళ్లల్ల ఏసి, నీ పాపం నీటి పాలయితుండె. మా తమ్ముని పానం తీసి, నీ సంతకాన్ని నువ్వే కాపాడుకున్నవ్."

ప్రద్యుమ్నరావు లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. పట్టుపంచె కొంగుతో మూతి తుడుచుకున్నాడు. ఈ ముఖం చూడ్డానికే కదా నేనింత దూరం వచ్చింది అనుకుంది శ్రావణి. కుమార్ కూడా ఇక్కడ ఉంటే బాగుండు అనిపించింది. గోడ మీద మోచెయ్యి ఉంది.

రావు ఫోను అందుకున్నాడు. స్పీకర్ నొక్కి టీపాయ్ మీద పెట్టాడు. అతనికి చెవులు కొంచెం మందం. అవతల ఎత్తగానే జనం రొద, నీళ్ల చప్పుడు, ఎవరో మంత్రాలు చదువుతున్న గొంతు వినిపించాయి.

"ఏమ్రా నర్సింగం! ముక్క గోదాట్ల ఏసిండ్రని నాకు చెప్తివి. వాళ్లింట్లనే ఉన్నదట గదరా!"

"దొరా," అన్నాడు నర్సింగం. గొంతు మారిపోయింది. "నేను ధర్మపురిల ఉన్న. పోశం గూడ ఉన్నడు. పొద్దున్నుంచి టవల్ మూట ఒకటి సంకల ఇరికిచ్చుకొని ఇడుస్తలేడు. ఏందిరా అది అంటె, పోరని పేరు మీద బియ్యం తీద్దామని డబ్బల చెయ్యి పెట్టిన, ఇది దొరికింది అన్నడు. గీన్ని నిప్పుల వెట్టి పోరని చేతులు కాల్చినం, ఇయ్యాల సల్లవడాలె అన్నడు. నాకేం సమజు గాలే. ఇప్పుడు... ఇప్పుడు మోకాళ్ల లోతుల ఉన్నడు."

పొద్దుటి వాకిలి మళ్లీ శ్రావణి కళ్ల ముందుకు వచ్చింది. తడక అవతల ఆగిపోయిన నీళ్ల చప్పుడు. పెత్రమాస. కొడుకు పేరు మీద ఇచ్చే బియ్యం ఏ డబ్బాలోంచి తీస్తాడు తండ్రి? ఇంటి మొత్తంలో, ఆ ఒక్క రోజున, పోశం చెయ్యి తప్పకుండా పడే చోట తనే దాచింది. తడక చాటున అతను నర్సక్క మాటలన్నీ విన్నాడు. నాలుగేళ్ల కలకు ఆ మనిషికి అర్థం దొరికింది.

రావు ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. ముందుకు వంగి, ఫోను దగ్గర నోరు పెట్టి, మెల్లగా, ముద్దుగా అన్నాడు. "మంచిదే గదరా. కన్నతండ్రి, గోదారికి ఇచ్చుకోనియ్యి. నువ్వు దగ్గరికి పోకు. ఫోను పెట్టెయ్యి."

"పెట్టకు కాకా!" శ్రావణి ఒక్క ఉదుటున టీపాయ్ మీది ఫోను లాక్కుని గోడ దాకా వెనక్కి నడిచింది. "నేను శ్రావణిని. బాపును ఆపు! నీ కాళ్లు మొక్కుత, ఉరికి ఆపు!"

అవతల మంత్రాలు వినిపిస్తున్నాయి. నర్సింగం ఊపిరి వినిపిస్తోంది. కదిలిన అలికిడి లేదు. నాలుగేళ్లుగా దొర చెప్పినట్టు కదిలినవాడు, దొర వద్దన్నాక ఎలా కదులుతాడు? కాళ్లు మొక్కితే పనికాదని శ్రావణికి అర్థమైంది. గుప్పిట్లో నలిగిన కాగితాన్ని పళ్లతో విప్పింది.

"కాకా, ఇను. దొర ఇప్పుడే నాకు కాయిదం రాసిచ్చిండు. సొంత చేతితోని, సంతకం వెట్టి. దాంట్ల నీ పేరున్నది."

"దాన్నియ్యి ఇటు!" రావు సోఫాలోంచి లేచాడు. పంచె కాళ్లకు అడ్డం పడి టీపాయ్ మీదికి తూలాడు. గాజు పలక భళ్లుమంది.

"నా పేరా?" అన్నాడు నర్సింగం. "నా పేరెందుకు? నేను ఆయన తరఫు సాక్షిని గద. ఏమని రాసిండు?"

"ఆ ముక్క నీళ్లల్ల పడితే దొర మాట ఒక్కటే మిగుల్తది కాకా. దొర మాట ఏందో సదువుతున్న."

రావు లేచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా పగిలిన గాజు, నాలుగడుగుల నేల. ఫోనులో నర్సింగం గొంతు ఈసారి మెట్లు దిగుతున్న మనిషి గొంతులా ఎగిరెగిరి వచ్చింది.

"సదువు బిడ్డా. జల్ది సదువు. మీ బాపు మూట ఇప్పుతున్నడు."